మే నెల మధ్యాహ్నం నిలబడని ఓవర్‌క్లాక్ ఓవర్‌క్లాకే కాదు

మీ ల్యాప్‌టాప్ జీపీయూకి ఎంత ఓవర్‌క్లాక్ పెట్టారు? మన గ్రూపుల్లో ఈ ప్రశ్నకి జవాబు ఎప్పుడూ ఒక నంబరే. కోర్ ప్లస్ 150, ప్లస్ 200, మెమరీ ప్లస్ 1000. ఆ నంబర్ ఏ నెలలో, ఏ గదిలో, ఎన్ని గంటలకి టెస్ట్ చేశారో ఎవరూ చెప్పరు. నేనూ చెప్పలేదు. దానివల్ల మా తమ్ముడికి మూడు రోజులు పోయాయి. అందుకే ఇది రాస్తున్నా.

నాది తిరుపతిలో మేడ మీద గది. డిసెంబర్‌లో ఒక 14 అంగుళాల గేమింగ్ ల్యాప్‌టాప్ కొన్నా. లోపల ఆర్‌టీఎక్స్ 4060. కొన్న వారానికే, అందరిలాగే, రాత్రి పదకొండు దాటాక ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ తెరిచి స్లైడర్లు జరపడం మొదలుపెట్టా. కోర్ ప్లస్ 180, మెమరీ ప్లస్ 800 దగ్గర అన్నీ పాసయ్యాయి. గదిలో 24 డిగ్రీలు, ఫ్యాన్ కూడా వేసుకోలేదు. స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టేశా. లైకులు వచ్చాయి, నేను నిద్రపోయా.

చిత్తూరు కట్టమంచిలో ఉండే మా పిన్నమ్మ కొడుకు కూడా అదే మోడల్ కొన్నాడు. పిన్నమ్మ ఇప్పటికీ నెలనెలా దానికి కంతు కడుతోంది. వాడు ఇంజనీరింగ్ ఫైనల్ ఇయర్. మామిడి ఆకుల ఫోటోలు చూసి తెగులేదో చెప్పే మోడల్ వాడి ప్రాజెక్ట్. చిత్తూరు పిల్లోడు మామిడి కాకుండా ఇంకేం తీసుకుంటాడు! ఏప్రిల్‌లో, రివ్యూకి వారం ముందు, ట్రైనింగ్ మొదలైన గంటకి లాస్ విలువ 'నాన్' అని రావడం మొదలైంది. అంటే అది అసలు సంఖ్యే కాదని అర్థం. కోడ్ మొత్తం రెండుసార్లు చూసుకున్నాడు. డేటా మార్చాడు. లెర్నింగ్ రేట్ తగ్గించాడు. మూడో రోజు నాకు ఫోన్.

"అన్నా, కోడ్‌లో తప్పేం లేదన్నా. ఒకసారి గంటకి వస్తాది, ఒకసారి రెండు గంటలకి వస్తాది."

"ఆఫ్టర్‌బర్నర్ ఏమన్నా పెట్టినావా?"

"నువ్వు 180 పెట్టుకున్నావు గదా, నేనూ అదే పెట్టేసినా."

రీసెట్ కొట్టి మళ్లీ రన్ చేయమన్నా. అదే కోడ్, అదే డేటా. తెల్లారేదాకా ఒక్క తప్పు లేకుండా నడిచింది.

గేమ్‌లో ఇలాంటి తప్పు పడితే ఒక పిక్సెల్ రంగు మారి పోతుంది, మనం గమనించను కూడా గమనించం. ట్రైనింగ్‌లో అలా కాదు. ఒక లెక్కలో పడిన తప్పు తర్వాతి లెక్కలోకి, అక్కడి నుంచి ఆ తర్వాతి దానిలోకి పోతూనే ఉంటుంది. క్రాష్ అయితే కనీసం తెలుస్తుంది. క్రాష్ కాకుండా తప్పు జవాబు ఇచ్చే ఓవర్‌క్లాకే అసలు ప్రమాదం. మన బెంచ్‌మార్క్ స్క్రీన్‌షాట్ దాన్ని చూపించదు.

సరిగ్గా అదే నెలలో నా మెషీన్ కూడా మొండికేసింది. విచిత్రం ఏంటంటే, బరువైన గేమ్ రెండు గంటలు ఆడినా ఏం కాలేదు. ఒక తేలికపాటి గేమ్ మెనూలో ఊరికే ఉన్నప్పుడు స్క్రీన్ నల్లబడి మళ్లీ వచ్చింది. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో 4101 నంబర్‌తో ఒక ఎంట్రీ కనిపించింది. డిస్‌ప్లే డ్రైవర్ స్పందించడం ఆగి, మళ్లీ కోలుకుందని దానర్థం. జీపీయూ రెండు సెకన్లు పలకకపోతే విండోస్ దాన్ని రీసెట్ చేస్తుంది. స్క్రీన్ నల్లబడడం అదే.

బరువైన గేమ్‌లో నిలబడింది మెనూలో ఎందుకు పడిపోయింది? చాలామంది తెలియక తప్పు చేసే చోటు ఇదే. ఎన్విడియా జీపీయూకి ఒకే స్పీడ్ ఉండదు, ఒక గీత ఉంటుంది. ఇంత వోల్టేజ్‌కి ఇంత మెగాహెర్ట్జ్ అని వరసగా చుక్కలు. ప్లస్ 180 పెట్టడమంటే ఆ గీత మొత్తాన్ని 180 పైకి ఎత్తడం. బరువైన గేమ్‌లో పవర్ లిమిట్ తగిలి చిప్ గీత మధ్యలోనే తిరుగుతుంది, పై చుక్కలకి పోనే పోదు. మెనూలో పని తక్కువ, పవర్ మిగులుతుంది, చిప్ గీత చివరికి ఎక్కుతుంది. ఆ చివర మీరు ఒక్కసారి కూడా టెస్ట్ చేసి ఉండరు. ఫర్‌మార్క్ అరగంట నడిపి "స్టేబుల్" అని రాసే పోస్టులన్నీ నా లెక్కలో సగం టెస్టులే.

ఇప్పుడు ఎండ సంగతికి వద్దాం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దోళ్లు అంటారు. రోలు సంగతి తెలియదు గానీ, మే నెలలో తిరుపతిలో బయట 40 దాటితే, పగలంతా కాలిన స్లాబ్ కింద మేడ గదిలో సాయంత్రం ఏడింటికి కూడా 36, 38 ఉంటుంది. ఏసీలు తయారయ్యే శ్రీసిటీ మన జిల్లాలోనే ఉంది, మన హాస్టల్ గదుల్లో మాత్రం ఏసీ లేదు! ల్యాప్‌టాప్ ఫ్యాన్ గదిలోని గాలినే లోపలికి లాగుతుంది, దానికంటే చల్లగా దేన్నీ చేయలేదు. డిసెంబర్‌లో 24 డిగ్రీల గదిలో చిప్ 74 దగ్గర ఉందంటే తేడా 50. అదే లోడ్, అదే ఫ్యాన్ స్పీడ్‌తో గది 38 అయితే లెక్క ప్రకారం 88 అవ్వాలి. నా దానిలో లిమిట్ 87. అంటే అది అక్కడికి చేరకముందే స్పీడ్ తగ్గించుకోవడం మొదలుపెడుతుంది.

అసలు లిమిట్‌దాకా కూడా ఆగదు. ఉష్ణోగ్రత పెరిగే కొద్దీ ఎన్విడియా బూస్ట్ 15 మెగాహెర్ట్జ్ చొప్పున మెట్లు దిగుతూ ఉంటుంది. మీరు కష్టపడి ఎక్కించిన 180లో కొంత ఎండే తినేస్తుంది. మిగిలింది మాత్రం వేడెక్కిన చిప్ మీద, వేడెక్కిన మెమరీ మీద నడవాలి. చలికాలంలో ఉన్న మార్జిన్ అప్పుడు ఉండదు.

డెస్క్‌టాప్ వాళ్ల సలహాలు ఇక్కడ పనికిరావు. చిన్న గేమింగ్ ల్యాప్‌టాప్ అనే మాటకి ఊపు తెచ్చిన వాటిలో 2020 నాటి ఏసుస్ జెఫిరస్ జీ14 ఒకటి, బరువు సుమారు 1.6 కిలోలు. అంత చిన్న డబ్బాలో సీపీయూ, జీపీయూ వేడిని తరచుగా ఒకే హీట్‌పైపులు పంచుకుంటాయి. పవర్ కూడా అంతే. ఆర్‌టీఎక్స్ 4060 ల్యాప్‌టాప్ చిప్‌కి ఎన్విడియా ఇచ్చిన పరిధి 35 నుంచి 115 వాట్లు. బూస్ట్ స్పీడ్ 1470 నుంచి 2370 మెగాహెర్ట్జ్. పేరు ఒకటే, కానీ డబ్బాని బట్టి అది వేరే చిప్‌లా నడుస్తుంది. ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్ స్లైడర్ ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా కదలదు కూడా. పవర్ పెంచే దారి లేనప్పుడు, ఉన్న పవర్‌లోనే ఎక్కువ పని ఎలా చేయించాలన్నది అసలు ప్రశ్న.

నా అభిప్రాయంలో దానికి జవాబు అండర్‌వోల్ట్. చిప్ తినే పవర్ స్పీడ్‌తో పాటు వోల్టేజ్ వర్గంతో పెరుగుతుంది. అదే స్పీడ్‌ని 1 వోల్ట్ బదులు 0.9 దగ్గర నడిపించగలిగితే 0.9 ఇంటూ 0.9, అంటే 0.81. ఆ భాగంలో దాదాపు 19 శాతం పవర్ ఆదా. ఆ ఆదా మళ్లీ స్పీడ్‌గా మారుతుంది, లేదా ఫ్యాన్ గోల తగ్గుతుంది. ఆఫ్టర్‌బర్నర్‌లో కంట్రోల్, ఎఫ్ నొక్కితే ఆ గీత కనిపిస్తుంది. ఒక చుక్కని పైకి లాగి, దాని కుడివైపు ఉన్నవన్నీ అదే ఎత్తుకి సమం చేస్తే, చిప్ ఆ వోల్టేజ్ దాటి పోదు. ఇందాక చెప్పిన మెనూ క్రాష్‌కి కూడా మందు ఇదే, ఎందుకంటే ఎక్కడానికి పై చుక్కలే ఉండవు.

ఏ చుక్క, ఎంత ఎత్తు? నా నంబర్ ఇవ్వను. ఇచ్చి ఒకసారి దెబ్బ తిన్నా. ఒకే మోడల్, ఒకే బ్యాచ్ అయినా ఏ రెండు చిప్‌లూ ఒకేలా ఉండవు. వెతికే పద్ధతి మాత్రం చెప్తా.

మధ్యాహ్నం రెండు, మూడు మధ్య కూర్చోండి. గదిలో ఏసీ ఉంటే ఆపేయండి. ల్యాప్‌టాప్ మీరు రోజూ వాడే చోటే పెట్టండి, కూలింగ్ ప్యాడ్ రోజూ వాడకపోతే టెస్ట్‌కీ వాడొద్దు. మొదట స్టాక్ సెట్టింగ్స్‌తో ఒకసారి నడిపి స్కోరు, ఉష్ణోగ్రత రాసుకోండి. తర్వాత కోర్ 15 చొప్పున పెంచుకుంటూ పోండి, మెమరీ ఇప్పుడే ముట్టొద్దు. బరువైన టెస్ట్‌కి త్రీడీమార్క్ టైమ్ స్పై స్ట్రెస్ టెస్ట్ బాగుంటుంది. 20 సార్లు తిప్పుతుంది, ఫ్రేమ్ రేట్ స్థిరత్వం 97 శాతం ఉంటేనే పాస్. అది డబ్బు కట్టిన వెర్షన్‌లోనే ఉంటుంది. లేదంటే ఉచితంగా దొరికే యూనిజిన్ హెవెన్‌ని గంటసేపు వదిలేయండి. తర్వాత తేలికపాటి గేమ్ ఒకటి తెరిచి, మెనూకీ ఆటకీ మధ్య తిరుగుతూ ఉండండి. ఆ తర్వాత ఓసీసీటీ. అది తప్పుల్ని లెక్కపెట్టి చూపిస్తుంది కాబట్టి, ప్రాజెక్ట్ పనులకి వాడేవాళ్లు దీన్ని వదలొద్దు. అక్కడ సున్నా కాకుండా ఒక్కటి వచ్చినా ఫెయిలే. ఫెయిలైన చోటు నుంచి రెండు మెట్లు, అంటే 30, కిందికి దిగండి. మధ్యలో కరెంటు పోతే ఆ రన్ లెక్కలోకి రాదు, బ్యాటరీ మీద జీపీయూ పవర్ పడిపోతుంది కాబట్టి మళ్లీ మొదటి నుంచే. మన దగ్గర వేసవి మధ్యాహ్నం ఇది ఎన్నిసార్లు జరుగుతుందో నేను చెప్పక్కర్లేదు.

మెమరీ చివర్లో. దీనికో మాయ ఉంది. పరిమితి దాటాక వెంటనే క్రాష్ అవ్వకుండా, తప్పు పడిన డేటాని మళ్లీ పంపుకుంటూ టైమ్ తినేస్తుంది. నంబర్ పెరుగుతుంది, స్కోరు తగ్గుతుంది. కాబట్టి ప్రతి మెట్టు దగ్గరా స్కోరు చూడండి. పెరగడం ఆగిందంటే అప్పటికే దాటేశారు. పైగా చాలా ల్యాప్‌టాప్‌లలో మెమరీ చిప్‌ల ఉష్ణోగ్రత మనకి కనిపించదు. నేను నా 800ని సగానికి తెచ్చా, గేమ్‌లో తేడా నాకు తెలియలేదు.

వారం రోజులు సరిగ్గా నడిచేదాకా, విండోస్ మొదలవగానే సెట్టింగ్ పెట్టే ఆప్షన్ మాత్రం ఆన్ చేయకండి.

"ఇంత గొడవెందుకు, ల్యాప్‌టాప్‌ని అలాగే వదిలేయొచ్చు కదా" అనేవాళ్లున్నారు. వాళ్లతో నేను ఒప్పుకోను. 2015 ఫిబ్రవరిలో ఎన్విడియా కొత్త డ్రైవర్లతో ల్యాప్‌టాప్ జీపీయూల ఓవర్‌క్లాకింగ్ మూసేసింది. యూజర్లు గట్టిగా గొడవ చేస్తే మళ్లీ తెరిచింది. డబ్బు పెట్టి కొన్న మెషీన్‌ని మన ఎండకి తగ్గట్టు దిద్దుకునే హక్కు మనకి ఉండాలి. బెంగళూరు ఆఫీసులోనో, తైవాన్ ల్యాబ్‌లోనో సరిపోయిన గీత రేణిగుంట రోడ్డులో మేడ గదికి సరిపోవాలని ఏముంది?

నా కోపం వేరే చోట ఉంది. రూమ్ టెంపరేచర్ రాయకుండా బెంచ్‌మార్క్ వేసే రివ్యూల మీద. ఏసీ గదిలో టెస్ట్ చేసి "థర్మల్స్ సూపర్" అని రాస్తే, కంతు మీద కొనే పిల్లోడికి ఏం ఉపయోగం? ఇందులో నేను రాసిన రివ్యూలు కూడా ఉన్నాయి. ఇకనుంచి నా ప్రతి టేబుల్ పక్కన గది ఉష్ణోగ్రత ఉంటుంది. లేకపోతే కామెంట్లలో తిట్టండి.

తమ్ముడి రివ్యూ గట్టెక్కింది. స్టాక్ మీదే ట్రైనింగ్ పూర్తి చేశాడు. ఇప్పుడు మళ్లీ చేయి దురద పుట్టి అండర్‌వోల్ట్ చేద్దాం రమ్మంటున్నాడు. ఆదివారం చిత్తూరు వెళ్తున్నా. "ఆ మిషన్ దోసె పెనం మాదిరి కాలతా ఉంది, ఏసీ గదిలో కూర్చోండిరా" అని పిన్నమ్మ ముందే చెప్పింది. మేం మాత్రం ముందు గదిలో కూర్చుంటాం, రెండింటికి మొదలుపెడతాం.