పీల్చే గాలి కూడా సర్వీసు కండిషనే

ప్రతి సంవత్సరం ఏదో ఒక ఆరోగ్య వారోత్సవం పేరున మన కార్యాలయాల గోడలపై క్రొత్త పోస్టర్లు వెలుస్తున్నవి. "మీ ఆరోగ్యం మీ చేతులలోనే ఉన్నది" అని అవి బోధిస్తున్నవి. పొగ త్రాగవద్దు, ఉప్పు తగ్గించండి, ఉదయం పూట నడవండి అని హితవు చెబుతున్నవి. ఆ హితవుతో మాకు పేచీ లేదు. పొగాకు ప్రాణాంతకమన్నది నిర్వివాదాంశం. అయితే ఆ పోస్టరు అంటించిన గదికి కిటికీలు ఉన్నవా, ఉన్నవి తెరుచుకుంటున్నవా, ఎనిమిది గంటలు ఆ గదిలో పనిచేసేవాడు ఏమి పీలుస్తున్నాడు అన్న ప్రశ్న మాత్రం ఏ పోస్టరులోను కనిపించదు. ఆ ప్రశ్న వేయవలసినది కార్మిక సంఘాలే. అందుకే ఈ వ్యాసం.

బిష్టుపూర్ ఈ చర్చకు తగిన స్థలం. 1907లో ఉక్కు కంపెనీ ఏర్పడిన తరువాత ఉత్తరాంధ్ర నుండి, గంజాం నుండి తెలుగు కుటుంబాలు బ్రతుకు తెరువు వెదుక్కుంటూ ఈ ఊరికి వచ్చి స్థిరపడినవి. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఆ వలసకు నేటికీ సాక్ష్యంగా నిలిచి ఉన్నది. ఆ మందిరానికి అనతి దూరంలోనే టాటా మెయిన్ ఆసుపత్రి, మెహర్‌బాయి టాటా పేరిట వెలసిన కేన్సరు ఆసుపత్రి ఉన్నవి. ఒక ప్రక్క ఉక్కు కర్మాగారం. మరొక ప్రక్క జుగ్‌సలాయి దాటితే టాటానగర్ జంక్షను. ఇనుప ఖనిజం, బొగ్గు నింపుకొన్న గూడ్సు బండ్లు రాత్రింబవళ్ళు నడిచే చోటిది. వ్యాధి ఎక్కడ పుడుతుందో, చికిత్సకు ఎక్కడ చేరుతుందో ఈ ఊరిలో కొద్ది మైళ్ళ లోపలనే చూడవచ్చును.

ఊపిరితిత్తుల కేన్సరు అనగానే "బీడీలు కాల్చేవాడా?" అని అడగటం మనకు అలవాటైపోయినది. "లేదు, ఎన్నడూ ముట్టలేదు" అని జవాబు వస్తే, "ఖర్మ" అని తలలూపి ఊరకుంటున్నాము. ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు 2012లో ప్రకటించిన ఒక పరిశీలనలో ఊపిరితిత్తుల కేన్సరు రోగులలో దాదాపు సగం మంది పొగ త్రాగనివారే. సగం మంది రోగుల విషయంలో ఖర్మను కారణంగా చూపటం శాస్త్రం కానేరదు. 1981లోనే జపానులో హిరయామా అను పరిశోధకుడు, పొగ త్రాగని స్త్రీలు భర్తల పొగ పీల్చి ఈ కేన్సరుకు గురి అవుతున్నారని లెక్కలతో చూపించినాడు. అటు తరువాత అంతర్జాతీయ కేన్సరు పరిశోధన సంస్థ ఒక్కొక్క కారణాన్నే నిర్ధారిస్తూ వచ్చినది. ఆస్‌బెస్టాస్, రాతిపొడిలోని సిలికా, ఇంటిలో కాల్చే బొగ్గు పొగ, 2012లో డీజిలు పొగ, 2013లో బయటి గాలి కాలుష్యం: ఇవన్నీ మనిషికి కేన్సరు కలిగించునవని రుజువైన మొదటి వర్గంలో చేరినవి.

ఈ జాబితాను మరొకసారి చదువవలసినదిగా రైల్వే సోదరులను కోరుతున్నాము. ఇది మన డ్యూటీ చార్టువలె లేదా? ఆవిరి ఇంజన్ల బాయిలరు చుట్టూ చుట్టినది ఆస్‌బెస్టాస్. పాత బ్రేకు బ్లాకులలో, షెడ్ల పైకప్పులలో ఉన్నది ఆస్‌బెస్టాస్. పట్టాల క్రింద పోసి కూరే కంకర నుండి లేచేది రాతిపొడి. బ్రాడ్‌గేజిపై ఆవిరి ఇంజన్లు 1995లో అంతరించినవి. కాని ఆస్‌బెస్టాస్ పోగు ఊపిరితిత్తిలో చేరిన తరువాత వ్యాధి బయటపడుటకు 20 నుండి 40 సంవత్సరాలు పట్టవచ్చును. అనగా నాడు షెడ్డులో పనిచేసిన ఫిట్టరు నేడు పెన్షనరుగా దగ్గుతున్నాడు. అతని దగ్గుకు అతని సర్వీసు రికార్డుకు గల సంబంధాన్ని అడిగే నాథుడు లేడు.

దూరం పోనవసరం లేదు. చైబాసా సమీపాన రోరో కొండలలో ఆస్‌బెస్టాస్ గని నడిచినది. 1983లో అది మూతపడినది. తవ్విన వ్యర్థాలు మాత్రం ఆ కొండవాలున గుట్టలుగా మిగిలిపోయినవి. లాభం రైలెక్కి వెళ్ళినది, దుమ్ము ఆదివాసీ గ్రామాలకు దక్కినది. అరవైకి పైగా దేశాలు ఆస్‌బెస్టాస్‌ను నిషేధించగా మన దేశం నేటికీ దానిని దిగుమతి చేసుకొనుచునే ఉన్నది.

విద్యుదీకరణతో డీజిలు పొగ తగ్గినదని అధికారులు అంటారు. ప్రధాన మార్గాలలో తగ్గినమాట నిజమే, దానిని హర్షిస్తున్నాము. షంటింగు ఇంజన్లు, ట్రాకు మిషన్లు, పవర్ కార్ల జనరేటర్లు, గూడ్సు షెడ్డులో ఆపకుండా నిలిపి ఉంచే లారీలు నేటికీ డీజిలుతోనే నడుస్తున్నవి. గూడ్సు షెడ్డులో సిమెంటు, ఎరువులు, ఖనిజం దింపే హమాలీకి ముఖాన తువ్వాలు తప్ప వేరు రక్షణ లేదు. చలికాలంలో తలుపు మూసిన గుమ్టీలో బొగ్గు కుంపటి ప్రక్కన రాత్రంతా మేలుకొనే గేట్‌మన్, బొగ్గు పొయ్యిపై వంట చేసే అతని భార్య ఏ బీడీ కాల్చినారని నిందిద్దాము?

ఇక వైరసుల మాట. 1918లో ఇన్‌ఫ్లుయెంజా బొంబాయి రేవులో దిగి రైలు మార్గాల వెంట దేశమంతటా ప్రాకినది. కోటికి పైగా ప్రజలు మరణించినారు. నూరేండ్ల తరువాత కోవిడ్ వచ్చినప్పుడు దేశం తలుపులు మూసుకొన్నది. ఆక్సిజన్ బండ్లు నడిపినది రైల్వే కార్మికుడు. మందుల పార్సిళ్ళు, పెన్షన్ సొమ్ము ఇంటింటికి చేర్చినది పోస్ట్‌మన్, గ్రామీణ డాక్ సేవకుడు. 2021 మే నాటికి 1,952 మంది రైల్వే ఉద్యోగులు కోవిడ్‌తో మరణించినట్లు స్వయంగా రైల్వే బోర్డు ఛైర్మనే వెల్లడించినారు. విధి నిర్వహణలో కోవిడ్‌తో మరణించిన తపాలా ఉద్యోగి కుటుంబానికి, డాక్ సేవకులతో సహా, 10 లక్షల రూపాయలు ఇస్తామని 2020 ఏప్రిల్‌లో తపాలా శాఖ ప్రకటించినది. పరిహారం న్యాయమే. అయితే చావుకు వెల కట్టుటలో చూపిన చురుకుదనం, చావును ఆపుటలో చూపవలదా?

తపాలా సోదరులకు మరొక ఉదంతం చెప్పవలసి ఉన్నది. 2001 అక్టోబరులో అమెరికా సెనేటుకు ఆంత్రాక్స్ పొడి నింపిన ఉత్తరం వచ్చినది. అక్టోబరు 15న దానిని విప్పినారు. సెనేటు సిబ్బందికి వెంటనే పరీక్షలు జరిపి మందులిచ్చినారు. అదే ఉత్తరం చేతులు మారిన వాషింగ్టన్ సార్టింగు కేంద్రాన్ని మాత్రం 21వ తేదీ వరకు నడిపించినారు. అక్కడి కార్మికులు ఇద్దరు మరణించినారు. ఉత్తరం ఒక్కటే, విషం ఒక్కటే. ఎవరిని ముందు కాపాడవలెనన్న నిర్ణయంలోనే తేడా వచ్చినది. సంపన్న దేశంలోనే ఇట్లు జరిగినప్పుడు, సంచుల దుమ్ములో తలుపులు బిగించుకొని పనిచేసే మన ఆర్.ఎం.ఎస్. కార్యాలయాల సంగతి వేరే చెప్పనేల?

కేన్సరును, వైరసును ఒకే వ్యాసంలో కలుపుట ఎందుకని కొందరికి సందేహం కలుగవచ్చును. కలిపినది మేము కాదు, గాలి. కోవిడ్, ఇన్‌ఫ్లుయెంజా వంటి వ్యాధులు మూసిన గదుల గాలిలో నిలిచి ప్రాకుతవి. సన్నని దుమ్ము, పొగ కూడ అదే గాలిలో నిలుస్తవి. ధారాళంగా గాలి మారే గది రెండింటినీ తగ్గిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సన్నని ధూళికి విధించిన వార్షిక పరిమితి ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు. 2009 నాటి మన దేశ ప్రమాణం 40. బిష్టుపూర్ వాసి ఊపిరితిత్తి జెనీవా వాసి ఊపిరితిత్తి కంటె ఎనిమిది రెట్లు గట్టిదని ఏ వైద్య గ్రంథమూ చెప్పలేదు.

కొందరు మిత్రులు అంటున్నారు: "దుమ్ము ఎటూ పోదు, అలవెన్సు పెంచమని అడుగుదాము." ఈ వాదనను గట్టిగా ఖండిస్తున్నాము. 7వ వేతన సంఘం తరువాత ట్రాక్ మెయింటైనర్లకు లభించిన రిస్కు అలవెన్సు పోరాట ఫలితం, దానిని నిలుపుకొందాము. కాని అలవెన్సుతో సిలికా కరగదు. ప్రమాదాన్ని అమ్ముకొనే సంఘం రేపు ప్రమాదం తగ్గితే అలవెన్సు పోతుందని భయపడే స్థితికి దిగజారుతుంది. యాజమాన్యానికి కావలసినది అదే. నీళ్ళు చల్లి దుమ్మును అణచుట కంటె, ఫ్యాన్లు అమర్చుట కంటె, నెలకు కొంత సొమ్ము పారవేయుట వారికి చౌక.

ఖర్చు ఎక్కడిదని ప్రభుత్వం అడుగుతుంది. కేన్సరు చికిత్సకు రెఫరల్ ఆసుపత్రులకు చెల్లించే సొమ్ము ఎక్కడిది? అకాల మరణం తరువాత కుటుంబ పెన్షను ఎక్కడిది? ముందుగా కిటికీకి ఖర్చు చేయనివాడు తరువాత మార్చురీకి ఖర్చు చేయక తప్పదు.

చట్టం మన పక్షాన లేకపోలేదు. 1995 జనవరి 27న సుప్రీం కోర్టు ఆస్‌బెస్టాస్ కార్మికుల కేసులో కార్మికుని ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పినది. ఉద్యోగంలో చేరిన నాటి నుండి కనీసం 40 సంవత్సరాలు, లేదా పదవీ విరమణ తరువాత 15 సంవత్సరాలు, ఏది తరువాత వస్తే అంతవరకు కార్మికుని ఆరోగ్య రికార్డు భద్రపరచవలెనని ఆదేశించినది. మరి 2025 నవంబరు 21న అమలులోకి తెచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య స్మృతి ఏమి చేసినది? కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలను తన పరిధి నుండి మినహాయించినది. చట్టం చేసిన ప్రభుత్వమే యజమానిగా ఉన్నచోట చట్టం వర్తించదట! ఇంతకంటె అన్యాయం మరొకటి ఉండునా?

మా డిమాండ్లు స్పష్టమైనవి. ఒకటి: సార్టింగు హాళ్ళలో, రన్నింగు రూములలో, బుకింగు కౌంటర్లలో గాలి మార్పిడిని కొలిచి లోపాలను సరిచేయవలెను. రెండు: గూడ్సు షెడ్లలో, ట్రాకు పనులలో తడిపి దుమ్మును అణచే ఏర్పాటు ఉండవలెను, ముఖానికి సరిపోయే మాస్కులు కాంట్రాక్టు కార్మికులతో సహా అందరికీ ఇవ్వవలెను. మూడు: మిగిలి ఉన్న ఆస్‌బెస్టాస్‌ను గుర్తించి, శిక్షణ పొందినవారి చేత జాగ్రత్తగా తొలగించవలెను. నాలుగు: ఆరోగ్య రికార్డు ఉద్యోగి చేతికి ఇవ్వవలెను, పెన్షనరుకు కూడ పరీక్షలు కొనసాగవలెను. ఐదు: ప్రతి సంవత్సరం ఇన్‌ఫ్లుయెంజా టీకా ఇవ్వవలెను. పట్టాలపై మృతదేహాలను ఎత్తేవారికి, ఆసుపత్రి, పారిశుద్ధ్య సిబ్బందికి హెపటైటిస్-బి టీకా మూడు మోతాదులు తప్పనిసరి. ఆ వైరసు కాలేయ కేన్సరుకు దారితీస్తుంది. దేశమంతటా పసిపిల్లలకు ఆ టీకా అందినది 2011 నుండి మాత్రమే. నేడు కొలువులో ఉన్నవారు అంతకు ముందు పుట్టినవారే. ఆరు: గ్రామీణ డాక్ సేవకులకు శాఖ ఉద్యోగులతో సమానమైన వైద్య సౌకర్యం కల్పించవలెను.

మనవైపు నుండి చేయవలసినవి కూడ ఉన్నవి. రన్నింగు రూములో బీడీ వెలిగించే సోదరుడు ప్రక్క మంచం మీది సోదరుని ఆయువును కూడ కాలుస్తున్నాడు. బహిరంగ స్థలాలలో, రైళ్ళలో పొగ త్రాగుటను 2001లోనే సుప్రీం కోర్టు నిషేధించినది. ఖైనీ మానుటకు సాటివారు తోడ్పడవలెను. మూడు వారాలు దాటిన దగ్గును, కఫంలో రక్తాన్ని ఉపేక్షించరాదు. కఫ పరీక్షలో క్షయ క్రిములు కనబడకున్నా నెలల తరబడి క్షయ మందులే వాడించి కేన్సరును ముదరనిచ్చిన సందర్భాలు మన దేశంలో అరుదు కావు. మందుతో దగ్గు తగ్గనప్పుడు స్కానింగు చేయించమని అడుగుట ఉద్యోగి హక్కు. ఆ ఉద్యోగి వెంట ఆసుపత్రికి వెళ్ళుట బ్రాంచి కార్యదర్శి విధి.

టాటానగర్ మీదుగా సాగిన బెంగాల్–నాగపూర్ రైల్వేలో ఆనాడు కార్మికులను సమీకరించినవారిలో మన వి.వి. గిరి గారు ఉన్నారు. 1974 మే 8న మొదలైన మహా సమ్మెలో లోకో కార్మికుడు ఎనిమిది గంటల డ్యూటీ అడిగినాడు. పని గంటలు దేవుడు నిర్ణయించినవి కావనీ, మార్చదగినవనీ మన పూర్వులు గ్రహించినారు. గాలి సంగతి కూడ అంతే. కనుక ప్రతి బ్రాంచి తన కార్యాలయాన్ని, షెడ్డును, గుమ్టీని స్వయంగా పరిశీలించి, లోపాలను వ్రాసి, రాబోయే పి.ఎన్.ఎం., జె.సి.ఎం. సమావేశాల అజెండాలో చేర్పించవలసినదిగా విజ్ఞప్తి చేస్తున్నాము. ప్రతిని కేంద్ర కార్యాలయానికి పంపవలెను. జవాబు రాని లేఖలను ఈ పత్రికలోనే ప్రకటిస్తాము.

అలవెన్సుతో సరిపెట్టవద్దు, శుభ్రమైన గాలి కావాలి!
రైల్వే, తపాలా ఉద్యోగుల ఐక్యత వర్ధిల్లాలి!