ఫార్మాట్ కొట్టించే ముందు

మన హాస్టల్లో ల్యాప్‌టాప్‌కు ఏ జబ్బు చేసినా మందు ఒక్కటే. ఫార్మాట్. నెమ్మదించినా ఫార్మాటే, సౌండు రాకపోయినా ఫార్మాటే, తెర మినుకు మినుకుమన్నా ఫార్మాటే. దుకాణంవాడు చెప్పేదీ అదే, రూంమేటు చెప్పేదీ అదే. ఈ అలవాటు మానుకోవాలనీ, రోగం ఎక్కడుందో మనమే వెతకడం నేర్చుకోవాలనీ, అందుకు హాస్టల్ కూడా కొంత ఖర్చు పెట్టాలనీ మా అభిప్రాయం.

మన దగ్గరికి కొత్త ల్యాప్‌టాప్‌లు రావు. స్కాలర్‌షిప్ పడినప్పుడో, ఇంటి దగ్గర అమ్మ డ్వాక్రా గ్రూపులో లోను తీసుకున్నప్పుడో సికింద్రాబాద్ సి.టి.సి.కి వెళ్ళి సెకండ్ హ్యాండ్‌ది తెచ్చుకుంటాం. ఇంజనీరింగ్ వాళ్ళకు ఆటోక్యాడ్, సాలిడ్‌వర్క్స్, రెవిట్ నడవాలి కాబట్టి కంపెనీలు వాడి తీసేసిన వర్క్‌స్టేషన్ ల్యాప్‌టాప్‌లే ఎక్కువ. డెల్ ప్రెసిషన్, హెచ్.పి. జడ్‌బుక్, లెనోవో థింక్‌ప్యాడ్ పి శ్రేణి లాంటివి. బరువుంటాయి, వేడెక్కుతాయి, చార్జరు ఇటుకంత ఉంటుంది. కానీ ఇవి విప్పి బాగుచేసుకోవడానికి వీలుగా కట్టినవి. చాలా మోడళ్ళలో అడుగు మూత తీస్తే ర్యామ్, డిస్కు, ఫ్యాను చేతికందుతాయి. ఏ స్క్రూ ఎక్కడుందో బొమ్మలతో చెప్పే సర్వీస్ మాన్యువల్‌ను ఆ కంపెనీలే ఉచితంగా ఇస్తున్నాయి. మనలో దాన్ని తెరిచి చూసినవాళ్ళు ఎంతమంది?

ఊళ్ళో బోరు మోటారు ఆడకపోతే నాన్న ఏం చేస్తాడు? ముందే పైపులు లాగించడు. మూడు ఫేజులూ కరెంటు వస్తోందా చూస్తాడు. తరువాత ఫీజులు చూస్తాడు. తరువాత స్టార్టరు. అవన్నీ బాగుంటేనే మోటారు పైకి తీసే మాట. సొంత పొలం లేని మన నాన్నల్లో చాలామంది ఈ పని పరాయి బావుల దగ్గర చేసినవాళ్ళే. ఆ వరుస మనకు ఇంట్లోనే తెలుసు. ల్యాప్‌టాప్ ముందు కూర్చోగానే ఎందుకు మర్చిపోతామో అర్థం కాదు.

మా హాస్టల్లో మెకానికల్ చివరి సంవత్సరం చదివే ఒక అన్న ల్యాప్‌టాప్ సంగతి చెప్పాలి. సాలిడ్‌వర్క్స్‌లో ఒక అసెంబ్లీ తెరిస్తే టీ తాగి వచ్చేంతసేపు పట్టేది. ఒకే సెమిస్టరులో మూడుసార్లు ఫార్మాట్ అయింది, సారికి ఐదు వందలు. మూడోసారి ప్రాజెక్టు ఫైళ్ళు కూడా పోయాయి. ఆఖరుకు దుకాణంలో మదర్‌బోర్డు పోయిందన్నారు. నిజానికి ఆన్ చేసిన ప్రతిసారీ చార్జరు రకం గుర్తుపట్టలేకపోతున్నానని ఆ మిషనే తెర మీద రాస్తోంది. అన్న ఒక కీ నొక్కి దాన్ని దాటిస్తున్నాడు. అసలు చార్జరు పోయిన తరువాత బజారులో కొన్న చార్జరు వాడుతున్నాడు. దాని మీద చూస్తే 65 వాట్లు. ఆ మిషనుకు కావలసింది 180.

చాలామంది పిన్ను పట్టిందా, వోల్టు కలిసిందా అని మాత్రమే చూస్తారు. రెండు చార్జర్ల మీదా 19.5 వోల్టులే రాసి ఉంటుంది. ఒకదాని మీద 3.34 ఆంపియర్లు, రెండోదాని మీద 9.23. గుణించి చూస్తే తేడా తెలుస్తుంది. పైగా ఇలాంటి కొన్ని ల్యాప్‌టాప్‌లు పిన్ను మధ్యలో ఉన్న సన్నటి సూది ద్వారా చార్జరు ఎన్ని వాట్లదో అడిగి తెలుసుకుంటాయి. జవాబు రాకపోతే బ్యాటరీని చార్జి చేయవు, ప్రాసెసరు వేగాన్ని బాగా తగ్గించేస్తాయి. దీనికి విండోస్ ఎన్నిసార్లు వేసినా ఏం లాభం? సరైన చార్జరు పెట్టిన రోజే ఆ ల్యాప్‌టాప్ లేచి కూర్చుంది. పోయిన ఫైళ్ళు మాత్రం రాలేదు.

కాబట్టి మొదట తేల్చుకోవలసింది ఒక్కటే: జబ్బు వస్తువులో ఉందా, డ్రైవరులో ఉందా? దీనికి పెద్ద చదువు అక్కర్లేదు. తెర మినుకుతోందనుకోండి, బయాస్‌లోకి వెళ్ళి చూడండి. అక్కడ విండోస్ లేదు, దాని డ్రైవర్లు లేవు. అక్కడా మినుకుతుంటే తెరదో, కేబులుదో, చిప్పుదో తప్పు. అక్కడ బాగుంటే మానిటరు తగిలించి ఒకసారి, లైనక్స్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో ఒకసారి చూడాలి. లైనక్స్‌లో సౌండు, వైఫై, కెమెరా చక్కగా పనిచేస్తే వస్తువు బాగున్నట్టే, తప్పు విండోస్ వైపు ఉన్నట్టే. పెన్‌డ్రైవ్‌లోంచే నడుస్తుంది కాబట్టి మన డిస్కు జోలికి పోదు. డెల్‌లో ఎఫ్12 నొక్కితే, హెచ్.పి.లో ఎఫ్2 నొక్కితే సొంత పరీక్ష కార్యక్రమం కూడా ఉంటుంది. ఖర్చు లేని పరీక్ష అది.

డ్రైవరు వైపే అని తేలితే డివైస్ మేనేజర్ తెరవండి. పసుపు త్రికోణం ఉన్నచోట నొక్కితే ఒక కోడ్ చూపిస్తుంది. 28 అంటే డ్రైవరే లేదు. 10 అంటే పరికరం మొదలు కాలేకపోయింది. 43 అంటే పరికరం తనకేదో ఇబ్బంది ఉందని చెప్పినందువల్ల విండోస్ దాన్ని ఆపేసింది. 43 చూడగానే కార్డు పోయిందనే వాళ్ళున్నారు. తొందరపడకూడదు, పాడైన డ్రైవరు వల్ల కూడా అది వస్తుంది. అప్‌డేట్ తరువాతే మొదలైతే డ్రైవరును రోల్ బ్యాక్ చేసి చూడాలి. పేరు తెలియని పరికరం కనిపిస్తే హార్డ్‌వేర్ ఐడీలో తయారీదారు నంబరు చూడండి: 8086 ఇంటెల్, 10డి.ఇ. ఎన్విడియా, 1002 ఏ.ఎం.డి. దొరికిన డ్రైవర్ ప్యాక్ అల్లా వేయకుండా, ల్యాప్‌టాప్ కంపెనీ సైటులో మన మోడల్ పేరుతో ఉన్నదే వేసుకోవాలి. క్వాడ్రో ఎం, క్వాడ్రో పి శ్రేణి కార్డులున్నవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. మాక్స్‌వెల్, పాస్కల్ తరాలకు ఎన్విడియా 580 శ్రేణి డ్రైవరే చివరిది. ఆ పైది వేస్తే కార్డును గుర్తించదు. అంతమాత్రాన కార్డు చచ్చిపోయినట్టు కాదు.

ఫార్మాట్ కొత్త జబ్బులు కూడా తెస్తుంది. వైఫై డ్రైవరు పోతుంది, అది దించుకోవడానికి నెట్ ఉండదు. అప్పుడు ఫోన్‌ను కేబులుతో తగిలించి యు.ఎస్.బి. టెథరింగ్ పెడితే చాలు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్కే కనిపించకపోతే డిస్కు పోయిందని కొత్తది అంటగట్టేవాళ్ళున్నారు. బయాస్‌లో స్టోరేజీ రెయిడ్‌లో ఉండి, ఇంటెల్ స్టోరేజీ డ్రైవరు లేకపోయినా అలాగే జరుగుతుంది. ఉన్న విండోస్‌తో నడుస్తున్న మిషనులో ఎవరైనా ఆ సెట్టింగును మారిస్తే నీలం తెర వస్తుంది, వెనక్కి మారిస్తే పోతుంది. తేదీ మాటిమాటికీ వెనక్కి పోయి సైట్లు తెరుచుకోకపోతే అది నెట్ తప్పు కాదు, లోపలి బిళ్ళ బ్యాటరీ అయిపోయింది.

చేయి పెట్టకూడని చోట్లూ ఉన్నాయి. బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేస్తుంటే వెంటనే వాడకం ఆపాలి, గుచ్చకూడదు, నొక్కకూడదు. డిస్కు టిక్కుటిక్కుమంటే పరీక్షలు పక్కన పెట్టి ముందు ఫైళ్ళు బయటికి తీసుకోవాలి. మదర్‌బోర్డు మీద టంకం పని తెలిసినవాడే చేయాలి. ఆ పనిచేసే మంచి మెకానిక్కులంటే మాకు గౌరవమే. మన పూర్వ విద్యార్థుల్లో ఆ పనితో కుటుంబం పోషిస్తున్నవాళ్ళున్నారు. అలాంటి వాళ్ళు ఫార్మాట్ మాట ఆఖరున ఎత్తుతారు.

విప్పి పాడుచేస్తే ఎవరిది బాధ్యత అని వార్డెన్ గారు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ దుకాణంలో పాడైతే మాత్రం బాధ్యత ఎవరిది? ముఖ్యంగా మన చెల్లెళ్ళ సంగతి ఆలోచించాలి. గర్ల్స్ హాస్టల్ వాళ్ళకు అవుటింగ్ దొరికేది ఎప్పుడో. దొరికాక తమ ఫొటోలు, మార్కుల మెమోలు, ఆధార్ కాపీలు ఉన్న ల్యాప్‌టాప్‌ను పాస్‌వర్డ్‌తో సహా ముక్కూ మొహం తెలియని మనిషి చేతిలో పెట్టి రెండు రోజులు వదిలి రావాలి. ఏమైందని అడిగితే, నీకు అర్థం కాదులే అమ్మా అంటారు. బీటెక్ చదివే అమ్మాయితో ఆ మాట! ఈ విద్య మనందరికంటే ముందు వాళ్ళకే కావాలి.

అందుకే మేము అడిగేది ఇది. ప్రతి హాస్టల్‌కు మంచి స్క్రూడ్రైవర్ సెట్టు ఒకటి, పెన్‌డ్రైవులు రెండు, ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కు ఒకటి, మన దగ్గరున్న మోడళ్ళకు సరిపోయే అసలు చార్జరు ఒకటి కొనాలి. వార్షికోత్సవం ఫ్లెక్సీలు రెండు తగ్గించుకుంటే సగం ఖర్చు అందులోనే వస్తుంది. వీటితోపాటు ఒక రిజిస్టరు పెట్టాలి. తేదీ, మోడల్, తెర మీద వచ్చిన మాటలు ఉన్నవి ఉన్నట్టుగా, ఏం చేశారు, ఏమైంది, ఇవి రాస్తే చాలు. ఫైనలియర్ వాళ్ళు వెళ్ళిపోతే వాళ్ళతోపాటు వెళ్ళిపోతున్న తెలివి అప్పుడు రూములోనే ఉంటుంది.

పూర్వ విద్యార్థులకు ఒక మనవి. మీ కంపెనీల్లో పాతబడిన ల్యాప్‌టాప్‌లు తీసేసేటప్పుడు హాస్టల్‌ను గుర్తుచేసుకుంటున్నారు, సంతోషం. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ఆగిపోయింది. విండోస్ 11కు కొద్ది మినహాయింపులు తప్ప ఇంటెల్ ఎనిమిదో తరమో ఆ పైదో కావాలి. వీలైతే అలాంటివి చూసి పంపండి. పాతదైనా వద్దనం, లైనక్స్ వేసుకుంటాం. ఏది పంపినా బయాస్ పాస్‌వర్డ్ తీయించి, దాని సొంత చార్జరు జత చేసి పంపండి.