తెర వెనక్కి వెళ్లి చూడండి

నాచారం పారిశ్రామికవాడలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన పెద్దమనిషి ఒకరు మా వీధిలో ఉన్నారు. చుట్టరికం లేదు గాని బాబాయి, పిన్ని అని వరసలు కలుపుకొన్నాం. ఆమధ్య ఒక ఆదివారం ఆరాధన ముగిశాక ఆయన నన్ను పక్కకు పిలిచి సెల్‌ఫోన్ చూపించారు.

"చూడమ్మా, షేర్లలో నాలుగు లక్షలు పెట్టాను. రెండు నెలల్లో ఏడు లక్షలయింది."

"మంచిదే గదా బాబాయ్, తీసుకోకపోయారా?"

"అదే చిక్కు. తీసుకోవాలంటే ముందు పన్ను కింద డెబ్బై వేలు కట్టమంటున్నారు. ఓ పది వేలు తక్కువయ్యాయి, సర్దగలవా? పిన్నితో మాత్రం అనకు."

ఆ చివరి మాట వినగానే నా గుండె ఝల్లుమంది.

1977లో హైదరాబాదు దూరదర్శన్ మొదలైన రోజుల్లో టీవీ ఉన్న ఇంటికి వీధంతా చేరేది. మన తూర్పు వైపునే ఉన్న ఈసీఐఎల్ వారు కూడా అప్పట్లో టీవీలు తయారుచేసేవారు. ఆ పెట్టె బొమ్మ చూపించేదే గాని మన జేబులో చెయ్యి పెట్టేది కాదు. ప్రకటన చూసి ఎవరికైనా ఆశ పుట్టినా, ఉప్పల్ దాకా బస్సెక్కి, బ్యాంకులో వరసలో నిలబడి, కాగితం నింపాలి. ఆ గంటన్నరలో బుద్ధి మళ్లీ ఇంటికి వచ్చేది. ఇప్పటి ఫోనులో టీవీ, పేపరు, బజారు, బ్యాంకు అన్నీ ఒక్కచోటే. ఆశకూ డబ్బుకూ మధ్య బొటనవేలంత దూరమే మిగిలింది.

బాబాయి సంగతి కూడా అలాగే జరిగింది. పేరున్న మనిషి ముఖంతో ఒక వీడియో వచ్చింది. ఈనాడు ముఖాన్నీ గొంతునూ కూడా కంప్యూటరుతో తయారుచేయవచ్చు. దాన్ని నొక్కితే ఒక వాట్సాప్ గుంపులో చేర్చారు. అందులో రోజూ పదిమంది "నాకింత లాభం వచ్చింది" అని రాసేవారు. వాళ్లంతా ఆ ముఠా మనుషులే. మొదట రెండు వేలు వెనక్కి ఇచ్చారు. చేపకు ఎర వేసినట్టన్నమాట.

నేను కాగితం మీద లెక్క వేసి చూపించాను. నాలుగు లక్షలకు రెండు నెలల్లో మూడు లక్షల లాభమంటే నూటికి 75 రూపాయలు. పల్లెల్లో నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ అంటేనే ఏడాదికి 24 అయి, అప్పు తీసుకున్నవాడి నడుము విరుగుతోంది. నెలకు ముప్పై ఏడున్నర ఎవరు సంపాదించి పెడతారు?

"మరి ఫోనులో ఏడు లక్షలు కనబడుతోంది గదమ్మా" అన్నారు.

"నాచారంలో రామారావుగారి స్టూడియో ఉండేది గదా బాబాయ్. సెట్టు ముందు నుంచి చూస్తే రాజమందిరం, వెనక్కి వెళితే చెక్కలు, మేకులు. ఇదీ అంతే."

షేర్లన్నీ మోసమని నేననను. కాని నష్టం వేరు, మోసం వేరు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ లెక్కలు తప్పులని బయటపడినప్పుడు ఆ షేరు ఒక్కరోజులోనే నాలుగింట మూడు వంతులకు పైగా పడిపోయింది. అది పెద్ద నష్టమే. అయినా షేరు కొన్నవారి పేరు మీద షేరు ఉంది. బాబాయి పేరు మీద ఏ షేరూ లేదు.

గుర్తుపెట్టుకోవలసినవి కొన్నే. షేర్ల బ్రోకరు సెబీలో నమోదై ఉండాలి. డబ్బు ఎవరెవరో వ్యక్తుల ఖాతాలకు పంపమంటే అక్కడే ఆగిపోండి. మన డబ్బు మనకివ్వడానికి ముందుగా పన్ను కట్టమనేవాడు దొంగే. బ్యాంకులో దాచిన డబ్బుకు, వడ్డీతో కలిపి, ఒక్కొక్కరికి ఒక్కో బ్యాంకులో 5 లక్షల దాకా 2020 నుంచి బీమా ఉంది. ఫోనులోని అంకెలకు ఏ బీమా లేదు. మోసపోయామని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే, డబ్బు చేతులు మారకముందే బ్యాంకులో ఆపించే అవకాశం అంత ఎక్కువ.

ఆ సాయంత్రమే ఫోన్ చేశాం. చివరగా పంపిన అరవై వేలు మాత్రం ఒక ఖాతాలో ఆగాయి. అవి చేతికి రావడానికి ఇంకా సమయం పడుతుందట. మిగతాది పోయింది.

తర్వాత పిన్నికి చెప్పడమే ఆయనకు అన్నిటికన్నా కష్టమైంది. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "డబ్బు పోయినందుకు కాదు, రెండు నెలలు నా పక్కన కూర్చుని అన్నం తింటూ దాచావే, అందుకు ఏడుపొస్తోంది" అంది.

భార్యకు, భర్తకు, బిడ్డలకు చెప్పలేని చోట డబ్బు పెట్టకండి. "ఇంట్లో చెప్పకు" అని మన నోటి నుంచి వచ్చిందంటే, ఆ బేరంలో ఏదో తేడా ఉన్నట్టే. ముందుగా ఇంట్లో ఒక్క మాట అడిగి ఉంటే, ఆ పాత గంటన్నర బస్సు ప్రయాణం చేసే మేలు పిన్నే చేసి ఉండేది.