ఫెర్రర్ చేసిన నేరం బడి పెట్టడమే

1909 అక్టోబరు 13న బార్సిలోనాలోని మోంజూయిక్ కోటలో స్పెయిన్ సైన్యం ఫ్రాన్సిస్కో ఫెర్రర్ అనే విద్యావేత్తను నిలబెట్టి కాల్చేసింది. ఆ ఏడాది జులై అల్లర్లకు ఆయనే నాయకుడన్నది అభియోగం. మొరాకో యుద్ధానికి రిజర్వు సైనికులను, అంటే భార్యాబిడ్డలున్న కార్మికులను, ఓడలెక్కించడంపై మొదలైన సమ్మె నగరమంతా పాకి, చర్చిలూ మఠాలూ తగలబడ్డాయి. దానికి ఒక సూత్రధారిని చూపించడం ప్రభుత్వానికి అవసరమైంది. మూడేళ్ల కిందట తానే మూయించిన బడి స్థాపకుణ్ని తెచ్చి నిలబెట్టింది. ఫెర్రర్‌ను చంపింది అల్లర్లకు శిక్షగా కాదు, ఆ బడి పెట్టినందుకేనని చెప్పడానికి మాకు సందేహం లేదు.

ఇంతకీ ఆ బడిలో ఏముంది? దేశ జనాభాలో సగానికి పైగా నిరక్షరాస్యులై, చదువు మీద చర్చి పెత్తనం సాగుతున్న రోజుల్లో, 1901 సెప్టెంబరులో ఆయన ‘ఎస్కువేలా మొదెర్నా’ తెరిచారు. మొదటి రోజు వచ్చిన పిల్లలు 30 మంది, అందులో 12 మంది ఆడపిల్లలు. ఆడా మగా ఒకే గదిలో కూర్చున్నారు. ఫీజు తల్లిదండ్రుల తాహతును బట్టి ఉండేది కాబట్టి కలిగినవారి బిడ్డ పక్కనే కార్మికుడి బిడ్డ కూర్చోగలిగాడు. మత బోధన లేదు. పరీక్షలు, బహుమతులు, దండనలు లేవు. పనికొచ్చే పుస్తకాలు దొరక్కపోతే బడే అచ్చు వేయించుకుంది. ఆదివారాలు పెద్దల కోసం ఉపన్యాసాలు పెట్టింది. ర్యాంకులు లేని చదువంటే ఇవాళ మన తల్లిదండ్రులే జంకుతారు. వందేళ్ల కిందటి స్పెయిన్ పాలకులకు అది రాజద్రోహంలా కనిపించడంలో వింతేముంది?

1906 మే 31న రాజు అల్ఫోన్సో పెళ్లి ఊరేగింపుపై బాంబు విసిరిన మతేవో మొర్రాల్ ఆ బడి ప్రచురణల విభాగంలో పనిచేసినవాడు. ఆ ఒక్క సంబంధం పట్టుకుని ఫెర్రర్‌ను ఏడాదికి పైగా జైల్లో పెట్టారు, బడి మూసేశారు. 1907లో కోర్టు ఆయన్ను నిర్దోషిగా వదిలేసింది. బడి మాత్రం మళ్లీ తెరుచుకోలేదు. నిర్దోషి అని తేలాక కూడా మిగిలిన శిక్ష ఎవరికి పడినట్టు? 1909 విచారణ ఇంకా ఘోరం. సైనిక న్యాయస్థానం అక్టోబరు 9న ఒక్కరోజులో పని ముగించింది. ఫెర్రర్ తన తరఫున వాదించేవారిని కూడా సైనికాధికారుల్లోంచే ఎంచుకోవాల్సి వచ్చింది. ఒక్క సాక్షినీ బోనులోకి పిలవలేదు, ముందే రాసిపెట్టిన వాంగ్మూలాలు చదివి సరిపెట్టారు. ఆయన ఆనుపానులు తెలిసిన కుటుంబసభ్యులనూ సహచరులనూ అప్పటికే దూరప్రాంతానికి పంపేశారు.

ఆయన విప్లవ భావాలున్నవాడు కదా, పుస్తకాల్లో సొంత సిద్ధాంతం నూరిపోశాడు కదా అనేవారున్నారు. ఆ మాటలో కొంత నిజముంది. అరాచకవాదులతో ఆయనకున్న స్నేహం దాచేది కాదు, ఆ పుస్తకాలు తటస్థమైనవీ కావు. అయితే చర్చి బడుల పుస్తకాలు తటస్థమా? పాఠం ఏకపక్షమనిపిస్తే దాన్ని ఖండించవచ్చు, తల్లిదండ్రులు బిడ్డను వేరే బడికి పంపుకోవచ్చు. భావాలకూ నిప్పంటించడానికీ మధ్య ఉన్న దూరాన్ని సాక్ష్యంతో నింపాల్సిన బాధ్యత ప్రాసిక్యూషన్‌ది. దాన్ని అది అనుమానంతో నింపింది. ఆయన్ను కాల్చేశారని తెలిసి పారిస్ నుంచి రోమ్ దాకా జనం వీధుల్లోకి వచ్చారు. ఆ నెలలోనే ప్రధాని మౌరా గద్దె దిగాడు. మోంజూయిక్‌లో జరిగింది చట్టం పేరుతో చేసిన హత్య.