చిలక జాడ అడిగింది ఎవరు?

ఇంట్లో పదేళ్ళు దాటిన పిల్లలున్నవాళ్ళకి థోర్ ఎవరో, లోకి ఎవడో ఈ పాటికి నోటికి వచ్చేసి ఉంటుంది. మాకూ అంతే. కంచం ముందు కూర్చుని మావాడు చెప్పే కథలన్నీ ఓపిగ్గా విన్నాక నాకు తెలిసిందేమిటంటే, చాలావాటిలో సరుకు ఒకటే. ఒక రాజకుటుంబం, వాళ్ళకి మామూలు మనుషులకి లేని శక్తులు, మధ్యలో ఒక సింహాసనం, ఇంట్లోంచే పుట్టుకొచ్చే ఒక ద్రోహి. థోర్‌కి కలిసి పెరిగిన తమ్ముడే లోకి. బ్లాక్ పాంథర్‌లో రాజు మీదికి వచ్చేవాడు బాబాయి కొడుకు. మన బాహుబలికి పెదనాన్న కొడుకు భల్లాలదేవుడు. కత్తి దింపినవాడేమో 'మామా' అని ఆప్యాయంగా పిలుచుకున్న కట్టప్ప. ఇక వాండా అని ఒకావిడ ఉంది. మనసులోని దుఃఖం పట్టలేక ఒక ఊరు ఊరినే మాయలో పెట్టేసింది. ఆ ఊరివాళ్ళు ఎవరి బతుకు వాళ్ళు బతకడం మానేసి, ఆవిడ ఊహించుకున్న బతుకు బతుకుతుంటారు.

ఇవి చూడొద్దని నేను అనను. బాగానే తీస్తున్నారు. కానీ రాజవంశం, ద్రోహం, మాయ మూడూ ఉన్న కథ మనకి ఎప్పటినుంచో ఉంది, అందులో సింహాసనం కోసం ఎవరూ కొట్టుకోరు. అదే బాలనాగమ్మ కథ. ఆ కథని మనం ఇన్నాళ్ళూ సగమే చెప్పుకుంటూ వచ్చామని నాకనిపిస్తుంది.

తెలియని చిన్నవాళ్ళ కోసం క్లుప్తంగా చెబుతాను. నవీన భోజరాజుకి ఏడుగురు కూతుళ్ళు. ఆఖరిది బాలనాగమ్మ. తల్లి పోయాక సవతి తల్లి వస్తుంది, పిల్లలు అడవి పాలవుతారు. అక్కడినుంచి బతికి బట్టకట్టి, ఏడుగురూ ఒకే ఇంటి అన్నదమ్ములని చేసుకుంటారు. బాలనాగమ్మ భర్త కార్యవర్ధిరాజు. కొడుకు బాలవర్ధిరాజు ఇంకా పసివాడుగా ఉండగా మాయల మరాఠీ (కొన్నిచోట్ల మాయల ఫకీరు అంటారు) భిక్షకని వచ్చి, ఆమెని కుక్కని చేసి నాగళ్ళపూడి గట్టుకి తీసుకుపోతాడు. వెనకే వెళ్ళిన భర్త సైన్యంతో సహా రాయైపోతాడు. ఏళ్ళు గడిచాక కొడుకు పెద్దవాడై, సంగతి తెలుసుకుని, తల్లిని వెతుక్కుంటూ వెళతాడు. మరాఠీ ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో ఉంటుంది. ఆ చిలకని పట్టుకుని వాణ్ణి చంపి, తల్లినీ తండ్రినీ విడిపించుకుంటాడు.

1942లో జెమినీ వాళ్ళు దీన్ని సినిమాగా తీశారు. దర్శకుడు మన కాకినాడ చిత్తజల్లు పుల్లయ్యగారే. కాంచనమాల బాలనాగమ్మ, గోవిందరాజుల సుబ్బారావు మాయల మరాఠీ, పుష్పవల్లి సంగు. 1959లో ఎన్టీఆర్, అంజలీదేవిలతో ఇంకో బాలనాగమ్మ వచ్చింది. సురభి వాళ్ళు నాటకంగా ఆడారు. సినిమాలకి ముందూ తర్వాతా కూడా తీర్థాల్లో, జాతర్లలో బుర్రకథలవాళ్ళు తెల్లవార్లూ చెప్పారు.

నేను మాత్రం మొదట విన్నది మా అమ్మమ్మ దగ్గర, కొబ్బరి ఈనెలు చీరుతూ ఆవిడ చెబుతుంటే. అప్పుడు భయపెట్టింది రాక్షసుడు కాదు, ఆ కుక్క. నిన్నటిదాకా రాణి. ఇవాళ మరాఠీ వెనక తోక ఊపుకుంటూ అదే వీధిలో నడిచి పోతోంది. చూసినవాళ్ళకి అది వట్టి కుక్క. ఒక్కరైనా 'ఇది ఫలానా ఇంటి కోడలు' అనుకోలేదు. పెద్దయ్యాక నాకు తెలిసింది, మాయ అంటే ఆకాశంలో ఎగరడం కాదు. ఉన్న మనిషిని అందరి కళ్ళ ముందూ లేకుండా చేయడం.

ఇంక ఈ కథలో బలం ఎంత పనికొచ్చిందో చూడండి. భర్త కత్తి పట్టుకుని వెళ్ళాడు, రాయైపోయాడు. సైన్యం వెళ్ళింది, అదీ రాళ్ళయింది. అంటే సూపర్ హీరో సినిమాలో చివరి అరగంట యుద్ధం ఉంటుందే, అది ఇక్కడ మొదట్లోనే అయిపోయింది, మనవాళ్ళు ఓడిపోయారు. ఆ తర్వాత మిగిలింది ఎవరు? శత్రువు కోటలో ఒక ఒంటరి ఆడది, ఇంటి దగ్గర ఒక పసివాడు.

ఆమె చేతిలో కత్తి లేదు, మంత్రం లేదు. వాడు దగ్గరికి రాబోతే 'వ్రతంలో ఉన్నాను, అది తీరేదాకా ముట్టుకోకూడదు' అంది. అంతే. మనందరికీ తెలిసిన నోములే, వ్రతాలే, వాటినే డాలుగా చేసుకుంది. ఒక రోజు కాదు, ఒక నెల కాదు, కొడుకు పెరిగి పెద్దవాడయ్యేదాకా వాణ్ణి గడప అవతలే నిలబెట్టింది. పక్కన మరాఠీకి ఇష్టురాలైన సంగు కుళ్ళుకుంటూనే ఉంది. అలాంటి చోట రోజూ లేచి, పిచ్చెత్తకుండా, ఆశ చావకుండా ఉండాలంటే ఎంత గుండె కావాలి!

దీన్ని మనవాళ్ళు పాతివ్రత్య మహిమ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. మహిమే అయితే వాడు మొదటి రోజే భస్మమైపోవాలి. ఇది మహిమ కాదు, తెలివి. వాడికి ఏ మాట చెబితే ఆగుతాడో కనిపెట్టి, ఆ మాట మీద ఏళ్ళు నెట్టుకొచ్చింది.

'అయినా చిలకని పట్టుకున్నది కొడుకే కదా' అంటారు. నిజమే. కానీ చిలక ఉందని వాడికెలా తెలిసింది? మా అమ్మమ్మ చెప్పిన కథలో మరాఠీని మంచి మాటలతో మెత్తబరిచి, నీ ప్రాణం ఎక్కడుందని అడిగి రాబట్టింది బాలనాగమ్మే. ఇది మా అమ్మమ్మ కల్పన కాదని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. మేరీ ఫ్రియర్ అనే ఆంగ్ల వనిత 1868లో దక్కను కథల పుస్తకం ఒకటి అచ్చువేసింది. అందులో ఇదే కథ ఉంది. ఏడుగురు రాకుమార్తెలు, చిన్నదాని పేరు బాల్నా, మాంత్రికుడు, రాళ్ళైన మనుషులు, పచ్చ చిలక. అందులోనూ మాంత్రికుణ్ణి అడిగి గుట్టు లాగింది తల్లే. ఆ కథలు మేరీకి చెప్పినది వాళ్ళింట్లో ఆయాగా పనిచేసిన అన్నా లిబరాటా డిసౌజా. అన్నాకి చెప్పింది వాళ్ళింటి పెద్దావిడ. పరాయి ఇంట్లో పనిచేసే ఆడమనిషి నోటినుంచి ఈ కథ లండన్ దాకా వెళ్ళిందన్నమాట. ఆ సంగతి చదివినప్పుడు నేను కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. ఎందుకంటే ఈ కథ ఇవాళ కూడా మన కోనసీమలో పరాయి ఇంట్లో పనిచేసే ఆడవాళ్ళ కథే.

రాజోలు, అమలాపురం, కొత్తపేట వైపు ఏ ఊళ్ళో అడగండి, కువైట్‌కో దుబాయ్‌కో మస్కట్‌కో ఇంటిపనికి వెళ్ళిన ఆడమనిషి పేరు ఒకటి చెబుతారు. అందరూ కష్టాల పాలయ్యారని నేను అనడం లేదు. ఇల్లు వేసుకున్నవాళ్ళు, అప్పులు తీర్చినవాళ్ళు, ఆడపిల్లల పెళ్ళిళ్ళు చేసినవాళ్ళు చాలామంది ఉన్నారు. కానీ మా వీధి చివర ఒకామె ఉండేది. ముసలావిడని చూసుకునే పనే, ఇంకేమీ ఉండదని ఏజెంటు చెప్పాడు. వెళ్ళాక తెలిసింది, రెండిళ్ళ చాకిరీ. పాస్‌పోర్టు యజమాని బీరువాలో. కొడుకుని పెద్దమ్మ పెంచుతోంది. వాడికి అమ్మంటే ఫోన్లో కనిపించే ముఖం. ఏడు సముద్రాల అవతల చిలక అంటే కథలో నవ్వుకుంటాం గానీ, ఒక చిన్న పుస్తకంలో మనిషి ప్రాణం ఉండటం నిజమేనండీ. కాకపోతే ఇక్కడ చిలక రాక్షసుడిది కాదు, ఆమెది.

ఇలాంటి సంగతి వచ్చినప్పుడు మన ఆడవాళ్ళమే అనే మాట ఒకటుంది. 'ఎవరు వెళ్ళమన్నారు?' బాలనాగమ్మనీ అలాగే అన్నారు. 'గడప దాటి భిక్ష ఎందుకు వేసింది?' చిన్నప్పుడు మనల్ని బయటికి వెళ్ళనీయకుండా ఆపడానికి ఈ కథే వాడారు. కానీ వచ్చిన వాడికి పిడికెడు బియ్యం వేయడం ఇంటి ధర్మం. ఆమె తన ధర్మం తను చేసింది. తప్పు ఆకలి వేషం వేసుకుని వచ్చినవాడిది. అలాగే పిల్లల కడుపు కోసం వెళ్ళడం తల్లి తప్పు కాదు. అబద్ధం చెప్పి పంపినవాడిదే తప్పు.

కాబట్టి వేషాన్ని గుర్తుపట్టడం నేర్పాలి. పదో తరగతి పాసవని ఆడవాళ్ళు గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్ళాలంటే 30 ఏళ్ళు నిండాలని మన ప్రభుత్వ నిబంధన. వయసు మార్చి రాయిస్తానని ఎవడైనా అంటే వాడు మరాఠీ. ముందు విజిట్ వీసా మీద వెళ్ళిపో, తర్వాత చూద్దాం అన్నవాడూ మరాఠీయే. ఆమె ఒప్పుకోకుండా పనిమనిషి పాస్‌పోర్టు యజమాని ఉంచుకోకూడదని కువైట్ 2015లోనే చట్టం చేసింది. విదేశాల్లో పనికి పంపడానికి మన రాష్ట్ర ప్రభుత్వానికే ఓమ్‌క్యాప్ అనే సంస్థ ఉంది. వెళ్ళేవాళ్ళకి అప్పిచ్చే మనం ఈ నాలుగు ముక్కలు కూడా చెప్పి, పాస్‌పోర్టు జిరాక్సు కాగితం ఒకటి ఇంట్లో ఉంచుకోమంటే ఎంత మేలు!

ఇంకో సంగతి. బాలనాగమ్మ లేని ఇన్నేళ్ళూ ఆ పసివాణ్ణి పెంచింది ఎవరు? ఆమె అక్కలు, అంటే తోటికోడళ్ళే. మన సీరియళ్ళలో తోటికోడళ్ళు ఒకరికొకరు విషం పెట్టుకుంటారు. ఈ కథలో ఒకరి బిడ్డని ఒకరు పెంచారు. శత్రువు ఊళ్ళో వాడికి చోటిచ్చి, మనవడినని చెప్పుకోనిచ్చింది పూలమ్ముకునే తంబళ్ళ పెద్ది. ఆ ముసలమ్మే లేకపోతే వాడు తల్లి దాకా వెళ్ళేవాడే కాదు. కథలు చెప్పేటప్పుడు వీళ్ళ పేర్లు గబగబా దాటేస్తాం. ఇకమీదట కాస్త ఆగుదాం.

మన పిల్లలకి థోర్ సుత్తి ఎలాగూ తెలుస్తుంది. దాంతో పాటు ఏ ఆయుధమూ లేకుండా ఏళ్ళ తరబడి ఓడిపోకుండా ఉండటం కూడా వీరత్వమేనని చెప్పాలి. ఆడపిల్లలకీ చెప్పాలి, మగపిల్లలకీ చెప్పాలి. మరీ ముఖ్యంగా, అమ్మ గల్ఫ్‌లో ఉన్న పిల్లలకి చెప్పాలి. పండక్కి అందరి అమ్మలూ వచ్చినప్పుడు బిక్కమొహం వేసుకుని నిలబడేవాళ్ళతో 'మీ అమ్మ వదిలేసి పోయిందిరా' అని నవ్వులకి కూడా అనకండి. 'మీ అమ్మ అక్కడ గెలుచుకుని వస్తోందిరా' అనండి. ఆ పిల్లలు పెద్దయ్యాక అమ్మని ఏ కళ్ళతో చూస్తారన్నది, ఇవాళ మనం వాళ్ళకి చెప్పే కథ మీదే ఉంది.