ఆడవాళ్ల వాటా పంచాయతీ దాకేనా?

శంషాబాద్ విమానాశ్రయానికి సుమారు 5,500 ఎకరాలు పోయాయి. 2008లో విమానాలు ఎగిరాయి. ఆ భూముల్లో నాట్లేసి, కలుపు తీసిన కూలి ఆడవాళ్లకు దక్కిందేమిటి? 1894 నాటి భూసేకరణ చట్టం పట్టాదారునే చూసింది. భూమి మీద కూలి చేసి బతికేవాళ్లూ నష్టపోయినవాళ్లేనని ఒప్పుకున్న చట్టం 2013లో గాని రాలేదు.

ఇలాంటి చట్టాలు చేసేది పంచాయతీ కాదు; పార్లమెంటు, శాసనసభ. తెలంగాణ పంచాయతీల్లో సగం సీట్లు స్త్రీలవి. శాసనసభకు 2023లో 119 మంది గెలిస్తే అందులో స్త్రీలు 10 మందే. శంషాబాద్ ఉన్న రాజేంద్రనగర్ నియోజకవర్గంలో 2009 నుంచి 2023 దాకా నాలుగు ఎన్నికలు జరిగాయి. ఒక్కసారీ స్త్రీ గెలవలేదు.

మూడో వంతు సీట్లిస్తామని 2023లో రాజ్యాంగాన్ని సవరించారు. జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకేనని అందులోనే మెలిక పెట్టారు. స్త్రీకి టిక్కెట్టివ్వడానికి ఏ పార్టీకైనా పునర్విభజన అడ్డమా? తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకి పట్టిన మల్లు స్వరాజ్యం 1978లో, 1983లో తుంగతుర్తి నుంచి గెలిచారు. రిజర్వేషన్ గెలిపించలేదు. ఉద్యమం నిలబెట్టింది, జనం గెలిపించారు.

ఓట్లకొచ్చే ప్రతి పార్టీనీ నిలదీద్దాం: మీ జాబితాలో ఆడవాళ్లెందరు? వాళ్లలో కూలి చేసి బతికేవాళ్లెందరు? మన సంఘాల కమిటీల్లోనూ ఇదే ప్రశ్న వేద్దాం.