జాబితా కాదు... అమరిక పట్టండి!

‘ఎస్‌తో మొదలై ఇతో ముగిసే ఐదక్షరాల ఇంగ్లీషు మాటలు’, ‘మూడో అక్షరం ఏ ఉన్న మాటలు’... ఫోన్లో ఇలా కొడితే చాలు, క్షణంలో వందల మాటలు వరుసకడతాయి. వర్డిల్ ఆడేవాళ్లు గళ్లు నింపుకోవడానికి వెతుకుతారు. బ్యాంకు, ఎస్‌ఎస్‌సీ పరీక్షలకు సిద్ధమయ్యేవాళ్లు రీజనింగ్ కోసమంటూ ఆ జాబితాలను దించుకుని బట్టీ పడతారు. ఆ పూటకి జవాబు దొరుకుతుంది, నిజమే. కానీ పరీక్ష హాల్లోకి ఫోన్ రాదు. బట్టీ పట్టిన వందల్లో అడిగిన మాట ఉంటుందన్న హామీ అంతకన్నా లేదు.

ఒక ప్రశ్న చూద్దాం. మార్కెట్ అనే ఇంగ్లీషు మాటలో రెండు, మూడు, ఐదు, ఆరో అక్షరాలు తీసుకోండి. వాటితో అర్థవంతమైన మాట ఒక్కటే ఏర్పడితే దాని మూడో అక్షరం జవాబు. ఒకటికి మించి ఏర్పడితే ‘ఎమ్’, ఏదీ ఏర్పడకపోతే ‘ఎక్స్’. చేతిలో ఉన్నవి ఏ, ఆర్, ఇ, టి. ‘రేట్’ అందరికీ తడుతుంది. అమ్మయ్య అనుకుని టి పెట్టేశారో... మార్కు రాదు సరికదా, పావు మార్కు కోత కూడా పడుతుంది. కన్నీటిచుక్క ‘టియర్’కూ అవే అక్షరాలు. కాబట్టి జవాబు ఎమ్.

ఇందులోనే మూడో మాట కూడా ఉంది. టి-ఏ-ఆర్-ఇ... ‘టేర్’. ఇదెక్కడి మాట అంటారా? వేబ్రిడ్జి దగ్గర ధాన్యం లోడు తూచి ఇచ్చే చీటీ తీసి చూడండి. గ్రాస్, టేర్, నెట్ అని మూడు లెక్కలుంటాయి. టేర్ అంటే ఖాళీ బండి బరువు. మొత్తంలోంచి దాన్ని తీసేస్తేనే సరుకు బరువు తేలుతుంది. ఆ చీటీని ఇంట్లో ఏటా చూసే రైతుబిడ్డ పరీక్షలో ఇదే మాటను ‘తెలీదు’ అని వదిలేస్తే అంతకన్నా నష్టం ఏముంది?

తెలుగు మాధ్యమంలో చదివినవాళ్లకు ఈ ప్రశ్నలంటే బెదురెందుకో కూడా అర్థం చేసుకోవాలి. మనం మాటను చెవితో కడతాం, పలికినట్టే రాస్తాం. ‘స్ట్రా’ మనకు ఒక్క అక్షరం. ఇంగ్లీషులో అది ఐదు... ఎస్, టి, ఆర్, ఏ, డబ్ల్యూ. ‘నైట్’లోనూ ఐదు ఉన్నాయి, వాటిలో జి, హెచ్ అసలు పలకనే పలకవు. అంటే తేడా లెక్కలో ఉంది, తెలివిలో కాదు.

రీజనింగ్ పేరుతో ఇంగ్లీషు పదసంపదను పరీక్షించడం న్యాయమేనా? అడగాల్సిన ప్రశ్నే. తర్కం చూడాలంటే అంకెలతోనూ చూడొచ్చు. మాట అర్థం తెలిసి ఉండాలనే షరతు పెట్టినప్పుడు పల్లెబడిలో చదివిన అమ్మాయికీ, నగరంలో ఇంగ్లీషు వింటూ పెరిగిన అమ్మాయికీ పరుగు ఒకే గీత దగ్గర మొదలవదు. ప్రశ్నపత్రాలు కూర్చేవాళ్లు ఆలోచించాల్సిన సంగతి ఇది. అయితే వాళ్లు ఆలోచించేదాకా నోటిఫికేషన్ ఆగదు. మన చేతిలో ఉన్న పని మనం చేసుకోవాల్సిందే.

నిజానికి అక్షరానికి చోటు బిగించి ఆడటం మనకు కొత్తేమీ కాదు. అవధానంలో న్యస్తాక్షరి ఉంది. ఫలానా పాదంలో ఫలానా చోట ఫలానా అక్షరమే పడాలని పృచ్ఛకుడు షరతు పెడతాడు. నిషిద్ధాక్షరిలో అడుగడుగునా ‘ఈ అక్షరం వద్దు’ అంటూ అడ్డుపడతాడు. అవధాని పద్యాల జాబితా వల్లెవేసి నెగ్గుకురాడు. ఏ అక్షరం పక్కన ఏది ఒదుగుతుందో ఆయనకు తెలుసు. ఇంగ్లీషుకూ అలాంటి ఒద్దిక ఉంది. అది పట్టుకోవాలి.

క్యూ వెంట దాదాపు ఎప్పుడూ యు వస్తుంది. వితో మాట ముగియడం అరుదు, అందుకే గివ్, హ్యావ్, లవ్ చివర పలకని ఇ వచ్చి కూర్చుంటుంది. సి-కె జంట మాట చివర వస్తుంది కానీ మొదట రాదు... బ్లాక్, బ్రిక్, ట్రక్. హల్లులు మూడు వరుసగా వచ్చి మాట మొదలైతే మొదటిది చాలాసార్లు ఎస్... స్ప్రే, స్క్రూ, స్ప్లిట్. ఇప్పుడు మార్కెట్ ప్రశ్నకు మళ్లీ వెళ్లండి. నాలుగు అక్షరాలను 24 రకాలుగా పేర్చొచ్చు. అన్నీ రాస్తూ కూర్చుంటే సమయం అయిపోతుంది. ఇని చివర పెట్టి చూడండి, రేట్, టేర్ వచ్చేస్తాయి. ఇ-ఏ జంటను మధ్యలో పెట్టండి, టియర్ వస్తుంది. రెండో మాట కనబడగానే ఎమ్ పెట్టి ముందుకు సాగండి. ‘ఎన్ని మాటలు?’ అని అడిగినప్పుడే మూడోదాని కోసం వెతకాలి. బ్యాంకు ప్రిలిమ్స్‌లో 35 రీజనింగ్ ప్రశ్నలకు 20 నిమిషాలే. ఎక్కడ ఆపాలో తెలియడం కూడా చదువులో భాగమే.

వర్డిల్ కథలోనూ మనకు పనికొచ్చే విషయం ఒకటుంది. 2021లో దాన్ని జనంలోకి వదిలిన జోష్ వార్డిల్ మొదట తన భాగస్వామి పలక్ షా కోసం తయారుచేశాడు. ఐదక్షరాల ఇంగ్లీషు మాటలు 12 వేల దాకా తేలాయి. వాటిని ఆమె జల్లెడ పడితే జనానికి తెలిసే మాటలు సుమారు 2,500 మిగిలాయి. 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ కొన్న ఆట ఇదే. 12 వేల మాటల కొండను చూసి భయపడక్కర్లేదు. వాడుకలో తిరిగే మాటలతో పరిచయం పెంచుకుంటే చాలావరకు పని జరుగుతుంది.

ఆ ఆటలో ఒక ఉచ్చు కూడా ఉంది. చివరి నాలుగు గళ్లలో ఐ-జి-హెచ్-టి ఖాయమైందనుకోండి. ఫైట్, లైట్, మైట్, నైట్, రైట్, సైట్, టైట్... ఎనిమిదోది ఎయిట్! ఉన్నవే ఆరు అవకాశాలు. ఒక్కోటీ పెట్టి చూస్తే ఓడిపోయే ప్రమాదం ఉంది. తెలివైన ఆటగాడు ‘ఫిల్మ్స్’ అని కొడతాడు. అది జవాబు కాదని అతనికీ తెలుసు. కానీ ఎఫ్, ఎల్, ఎమ్, ఎస్ నాలుగింటి సంగతీ ఒక్క దెబ్బతో తేలిపోతుంది. రీజనింగ్ అంటే ఇదీ!

రోజుకు పది నిమిషాలు చాలు. బస్సు మీదో, బిల్లు మీదో, మందు సీసా మీదో కనబడిన ఒక ఇంగ్లీషు మాట తీసుకోండి. నాలుగు అక్షరాలు ఏరి కాగితం మీద పేర్చండి. జాబితా చూడొద్దని కాదు, మీ ప్రయత్నం అయ్యాకే తెరవండి. తప్పిపోయిన మాటకు నిఘంటువులో అర్థం చూసి, దాంతో సొంతంగా ఒక వాక్యం రాయండి. అప్పుడది గుర్తుండిపోతుంది.

ఈ రోజుకు మార్కెట్‌తోనే మొదలుపెట్టండి. ఒకటి, రెండు, మూడు, ఆరో అక్షరాలు. రెండు మాటలున్నాయి. ఒకదానిలో సరుకులు కొంటాం, ఇంకోటి పట్టాల మీద నడుస్తుంది. ఫోన్ పక్కనపెట్టి, పెన్ను తీయండి.